పెరటి రాయికి పసుపు

కిందటి వారం శ్రీరమ్యని ఒక కొత్త వంటింట్లో, కిరసనాయిలు స్టవ్ ముందు, చేతిలో గరిటెతో నిలబెట్టి వచ్చేశాం. పోపులో ఎండుమిరపకాయలు మాడుతున్నాయి. పెరటి గోడకున్న నీలం తలుపుని అవతలి నుంచి ఎవరో కొడుతున్నారు.

ఆ వంటిల్లు ఇంకా శ్రీరమ్యది కాదు. అవుతుందో లేదో తేలేది ఆ రోజే. గుంటూరు చివర, ప్రత్తిపాడు రోడ్డుకి కాస్త లోపలగా ఉన్న ఆ డాబాని కొనాలా వద్దా అని నెలరోజులుగా ఇంట్లో ఎవరికీ సరిగా తిండి సయించడం లేదు. ఇల్లు లక్షణంగా ఉంది. మూడు గదులు, మంచినీళ్ల బోరు, ముందు వరండా. బ్రాడీపేటలో అద్దె కొంపలో, ఓనరు మోటారు ఎప్పుడు వేస్తే అప్పుడు బిందెలతో పరుగెత్తే శ్రీరమ్యకి అది స్వర్గమే. చిక్కల్లా పెరటి గోడ అవతల ఉంది. అక్కడ గవర్నమెంటు వాళ్లు పేదలకి స్థలాలిచ్చి కట్టించిన కాలనీ. అందుకే ఇల్లు చవక. అందుకే శ్రీరమ్యకి భయం. ఐదేళ్ల పిల్లని పెట్టుకుని ఆ మనుషుల పక్కన ఎలా ఉండటం అని ఆమె, మనుషులే కదా అని ఆమె మొగుడు కోటేష్, రోజూ అన్నం దగ్గర అదే పాట.

మధ్యలో తీర్పు చెప్పింది అత్తగారు వెంకటరావమ్మ. చెప్పదగ్గ మనిషే. ఇల్లు కొనాలంటే ప్రత్తిపాడులో ఆవిడ పేరున ఉన్న మిరపచేను అమ్మాలి. "ఎద్దుని కొనేముందు అరక కట్టి చూస్తాం. ఇల్లు కొనేముందు ఒక పూట పొయ్యెలిగించి, వండుకు తిని చూడొద్దా?" అంది. ఎమ్మెస్సీ లెక్కలు చదివి కోచింగ్ సెంటర్లో పిల్లలకి పాఠాలు చెప్పే కొడుకు కూడా ఆ లెక్క సరిపోయిందని ఒప్పుకున్నాడు. ఇల్లు అమ్మే యలమందయ్య నవ్వి తాళంచెవి ఇచ్చాడు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాడు. "ఆ నీలం తలుపు జోలికి పోకండమ్మా. మేకులు కొట్టించాను. అవతల వాళ్లు మంచివాళ్లు కాదు."

ఇప్పుడు ఆ తలుపే మోగుతోంది.

శ్రీరమ్య స్టవ్ ఆర్పేసింది. మే నెల ఎండ పెరట్లో తెల్లగా కాస్తోంది. అందరూ మెలకువగా ఉండే పట్టపగలు, అయినా ఆమె వంటింటి గడప దాటలేదు. మొదటిసారి ఇల్లు చూడటానికి వచ్చిన రోజున ఈ గోడ అవతలి నుంచే డాబా మీద రాళ్లు పడ్డాయి. అది గుర్తొచ్చింది. ముందు గదిలోకి తొంగి చూసింది. కూతురు తేజశ్రీ వరండాలో సుద్దముక్కతో గడులు గీసుకుంటోంది.

"అత్తయ్యా, ఎవరో తలుపు కొడుతున్నారు."

"చెవుడేమీ రాలా నాకు," అంది వెంకటరావమ్మ. అరిటాకులు తుడుస్తున్నదల్లా లేచి, చీర చెంగు బిగించి పెరట్లోకి నడిచింది. శ్రీరమ్య గరిటె వదలకుండానే వెనకాల వెళ్లింది. ఆ గరిటెతో ఎవర్ని ఏం చేద్దామనుకుందో ఆమెకే తెలియాలి.

చప్పుడు ఆగింది. గోడ మీద రెండు చేతులు కనిపించాయి. ఆ తరవాత ఒక తల లేచింది. ముక్కూ నోరూ కనపడకుండా గుడ్డ చుట్టి ఉంది. కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి, ఎర్రగా.

శ్రీరమ్య గరిటె పైకెత్తింది.

"పోపు ఘాటు వచ్చింది. మనుషులున్నారని తెలిసింది," అంది ఆ తల. ఆడగొంతు. చేత్తో గుడ్డ కిందికి లాగింది. నలభయ్యేళ్లుంటాయేమో, బక్కపలచటి మొహం. "మిరపకాయల తొడాలు తీస్తా తీస్తా లేచొచ్చానండీ. అందుకే ఈ గుడ్డ. భయపడమాకండి. నా పేరు జోహరాబీ."

"గోడెక్కి చూట్టం ఏం మర్యాదమ్మాయ్?" అంది వెంకటరావమ్మ.

"తలుపు కొడితే తియ్యలేదు గదమ్మా మీరు."

"మేకులు కొట్టున్న తలుపు ఎట్టా తీసేది?"

"ఆ మేకులు కొట్టినాయనే చెప్పాలి. అది నా తలుపమ్మా," అంది జోహరాబీ. "నా తలుపు నేనే కొట్టుకుంటన్నా."

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎండదెబ్బ తగిలిన మనిషేమో అనిపించింది శ్రీరమ్యకి. జోహరాబీ మాత్రం తొణక్కుండా, అవతల దేని మీద నిలబడిందో గానీ, గోడ మీద మోచేతులు ఆనించి చెప్పుకుపోయింది.

"మా కాలనీలో ఈ చివరి వరస మూడు కుటుంబాలకిచ్చారు. నాకు, అంకమ్మకి, యేసుపాదం వాళ్లకి. పట్టాలైతే ఇచ్చారు గానీ ఇల్లు కట్టుకోటానికి మాకాడ ఏవుంది. నేను ముందుగా ఈ తలుపు కొన్నా. గోడల్లేకుండా తలుపు కొన్నావేంటే అని అందరూ నవ్వారు. నీలం రంగు నేనే వేయించా. దాన్ని నా స్థలంలో నిలబెట్టి, పిల్లల్నేసుకుని ఒంగోలు అవతలకి మిరపకోతలకి పోయాం, మూడిళ్ల వాళ్లం. కోతలయ్యి వచ్చేతలికి మా స్థలాల్లో యలమందయ్య గారి గోడలు లేస్తన్నయ్. నా తలుపు ఇదిగో, ఈ గోడకి బిగించి ఉంది."

వెంకటరావమ్మ ఆ తలుపు వైపు తిరిగి చూసింది. శ్రీరమ్యే నోరు పెగుల్చుకుంది.

"ఈ స్థలం యలమందయ్య గారిది కదండీ. ఆయన పొలమే కదా ఇదంతా."

"ఒకప్పుడు ఆయనదే. కాలనీకని గవర్నమెంటు కొన్నది. డబ్బు తీసుకుని ఇచ్చాడు. ఇచ్చింది చాలక మళ్లీ అంచు కొరికాడు. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి మా చెప్పులరిగినయ్. పోయినేడు ఒకాయన మీలాగే బయానా ఇచ్చాడు. ఆయనకీ ఇట్టాగే చెప్పాం. ఆయన పోయి యలమందయ్యని నిలదీశాడు. ఆ వారంలోనే ఆయన మోటార్‌సైకిలు కాలవలో తేలింది. కాలిరిగి సొంతూరెళ్లిపోయాడు. బయానా మాటే ఎత్తలేదు."

"మరి మా మీద రాళ్లేసింది?" అని అడిగింది శ్రీరమ్య. అడగాలని అనుకోలేదు, భయమే అడిగించింది.

జోహరాబీ తల దించుకుంది. "మా ఆయనేనమ్మా. తాగి ఉన్నాడు. ఆపాను, ఇనలా. అబద్ధం చెప్పి నేనేం బావుకుంటా? మీరు కొన్నా కూడా మేం ఊరుకోం. అది కూడా ముందే చెప్తన్నా."

ఆ ఒప్పుకోవడంతో శ్రీరమ్యకి నమ్మకం కుదిరింది. నమ్మకం కుదిరాక భయం రెట్టింపయింది. కాలనీ పక్కన ఇల్లు కొనాలా వద్దా అని నెలరోజులు కొట్టుకున్నారు. ఇల్లు కాలనీ పక్కన లేదు, కాలనీలోనే ఉంది. మధ్యాహ్నం మూడింటికి రిజిస్ట్రారాఫీసులో చేను అమ్మకం. కొనే పేరయ్యని తీసుకురావడానికి కోటేష్ తెల్లారుజామునే ప్రత్తిపాడు వెళ్లాడు. అత్తగారు వేలిముద్ర వేస్తే చేను పోతుంది. సాయంత్రం ఆ డబ్బు యలమందయ్య చేతికి వెళుతుంది. ఆ తరవాత ఇల్లూ పోతుంది. కోటేష్‌ని చదివించిన తాతల నాటి చేను, తేజశ్రీ రేపటి రోజు రెండూ ఆ ఒక్క వేలిముద్రలో ఉన్నాయి.

"అత్తయ్యా, మనకొద్దీ ఇల్లు. కొరివితో తల గోక్కున్నట్టే."

వెంకటరావమ్మ కోడలి వైపు చూడలేదు. గోడ పక్కన, ఆ నీలం తలుపుకి నాలుగు బారల దూరంలో ఉన్న రాయి వైపు చూస్తోంది. మోకాలెత్తు రాయి. నెత్తి గుండ్రంగా ఉంటుంది. నిలువెల్లా పసుపు, మధ్యలో పెద్ద కుంకుమబొట్టు.

పాఠకులకి ఆ రాయి గుర్తుండే ఉంటుంది. ఇల్లు చూడటానికి వచ్చిన మొదటి రోజున డాబా మీద రాళ్లు పడి అందరూ హడలిపోయి, ఇక వద్దనుకుని బయల్దేరుతుంటే, వెంకటరావమ్మ దాన్ని చూసి ఆగిపోయింది. చేతులు జోడించి, "ఇదేందయ్యా, అమ్మవారా?" అని అడిగింది. "అవునక్కగారూ, మా ఇలవేల్పు," అన్నాడు యలమందయ్య వెంటనే. అమ్మవారు కాపలా ఉన్న ఇల్లని అప్పటికప్పుడు ఆవిడ మనసు తిరిగిపోయింది. తన చేత్తో పసుపు రాసి, బొట్టు పెట్టి, ఈ ఇల్లే కొందామంది. ఈ పూట కూడా పొయ్యి వెలిగించేముందు ఇంకో పూత రాసింది.

"ఇంటి స్థలంలో అమ్మవారుంటే అబద్ధం ఎట్టా ఆడతాడమ్మాయ్ ఆయన?" అంది వెంకటరావమ్మ. గొంతులో మునుపటి జోరు లేదు.

"ఏ అమ్మవారు?" అంది జోహరాబీ. ఆవిడ చూపు వెంట చూసి, ఆ రాయి వైపు వేలు చూపింది. "అది హద్దురాయమ్మా. నా స్థలానికీ అంకమ్మ స్థలానికీ మధ్యన సర్వేయరు పాతింది. ఈ వరసలో మూడు పాతారు. ఒకటి మీ ఇంటి కింద పోయింది. ఒకటి ఇదిగో, మా వైపు నా కాళ్లకాడ ఉంది. మూడోది అది."

"హద్దురాయి నాకు తెలవదా? నా చేలో నాలుగున్నయ్. నెత్తిన శిలవ గాటు ఉంటది. దీనికి లేదే."

"సిమెంటు మెత్తాడమ్మా, గాటు కనపడకుండా."

గోడ అవతల ఎక్కడో రేడియో మోగుతోంది.

వెంకటరావమ్మ భయమంటే తెలియని మనిషని శ్రీరమ్య పెళ్లయిన దగ్గర్నుంచీ అనుకుంటోంది. పొలం గట్టు మీద తాచుపాముని చెప్పుకాలితో తన్నిందని బంధువులు కథలుగా చెప్పుకుంటారు. ఆ మనిషి మొహం ఇప్పుడు పాలిపోయి ఉంది. దేన్ని చూసి భయపడుతోందో శ్రీరమ్యకి అర్థమైంది. ఆ సిమెంటు బద్దలు కొట్టి చూస్తే గానీ నిజం తేలదు. కింద గాటుంటే తను పసుపు రాసి మొక్కింది దొంగ సొత్తుకి. గాటు లేకపోతే అమ్మవారి నెత్తి మీద కొట్టిన మహాపాపం.

"నేను కొడతా అత్తయ్యా," అంది శ్రీరమ్య.

"నోర్ముయ్. పిల్లలుగల్లదానివి. తగిలితే నాకే తగలనీ."

వంటింట్లోకి వెళ్లి పచ్చడిబండ తెచ్చింది. రాయి ముందు కూర్చుంది. బండ పక్కన పెట్టి ముందు దణ్ణం పెట్టుకుంది. పెదవులు కదిలాయి. "తల్లీ, నువ్వే అయితే నన్ను తీసుకుపో, నా పిల్లల్ని వదిలెయ్," అన్న మాటలు మాత్రం శ్రీరమ్యకి వినబడ్డాయి. ఆ మాటలకి శ్రీరమ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్తగారి మీద తనకింత ప్రేమ ఉందని ఆమెకి ఆ క్షణం వరకూ తెలియదు.

మొదటి దెబ్బ మెల్లగా పడింది. పసుపు రాలింది, అంతే. రెండో దెబ్బకి బండ పక్కకి జారింది. మూడోది వెంకటరావమ్మ కళ్లు మూసుకుని వేసింది. చిప్ప ఊడినట్టు సిమెంటు పెళ్ల ఊడి కింద పడింది.

రాయి నెత్తి చదునుగా, నల్లగా ఉంది. దాని మీద ఉలితో చెక్కిన శిలువ గాటు.

వెంకటరావమ్మ వేలితో ఆ గాటు తడిమింది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ తడిమింది. "మా మామగారు అనేవాడు," అంది. "హద్దురాయి జరిపినోడి కొంపలో దీపం నిలవదని. నేను దానికి బొట్టు పెట్టా." లేచి నిలబడబోయి మళ్లీ కూర్చుండిపోయింది. శ్రీరమ్య వెళ్లి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది, ఆ ఎండలో.

"అమ్మాయ్, జోహరాబీ," అంది వెంకటరావమ్మ గోడ వైపు తలెత్తి. "నువ్వెందుకు చెప్పావు మాకు? మేం మునిగితే నీకేం?"

"మీరు మునిగితే నాకేం కాదమ్మా. మీరు దిగి కాపురం పెడితే నాకు ముప్పు. ఖాళీ ఇల్లయితే ఎప్పటికైనా తీయిస్తారు. పిల్లాజెల్లాతో మీరు అందులో ఉంటే ఏ ఆఫీసరు తీయిస్తాడు?"

ఆ జవాబుకి వెంకటరావమ్మ తల ఊపింది. పచ్చి నిజం చెప్పే మనిషంటే ఆవిడకి మొదటి నుంచీ గురి. మళ్లీ లేచింది. ఈసారి నిలబడింది.

"అమ్మాయ్ రమ్యా, మలుపులో కొట్టుకాడ రూపాయి ఫోనుంది గదా. పోయి కోటేష్ సెల్లుకి చెయ్యి. పేరయ్యని తేవద్దని చెప్పు. నాకు ఒంట్లో బాలేదని చెప్పు. అసలు సంగతి ఫోన్లో చెప్పమాక, వాడికి దుడుకుతనం ఎక్కువ. యలమందయ్య మీదకి పోతాడు. మోటార్‌సైకిలు కాలవలో తేలేది వాడిదవుతుంది."

ఆ మాట శ్రీరమ్య గుండెలో గుచ్చుకుంది. నిజమే. కోటేష్ అడుగుతాడు. అడగకుండా ఉండలేడు. ఇన్నాళ్లూ ఆమె గోడ అవతలి వాళ్లని చూసి భయపడింది. తాళంచెవి నవ్వుతూ ఇచ్చిన పెద్దమనిషి, తేజశ్రీకి బిస్కెట్ ప్యాకెట్ తెచ్చిన బాబాయి, ఆయన్ని చూసి భయపడాలని ఒక్కరోజు కూడా తోచలేదు.

చీర కుచ్చెళ్లు సర్దుకుని ముందు గదిలోకి రెండడుగులు వేసిందో లేదో, వీధిలో కారు హారన్ వినబడింది.

గోడ మీది తల చటుక్కున మాయమైంది.

వరండా ముందు తెల్ల సుమో ఆగి ఉంది. ఇంజను ఆపలేదు. యలమందయ్య మెట్ల దగ్గర నిలబడి కండువాతో మెడ తుడుచుకుంటున్నాడు. వరండాలో గడులున్నాయి, సుద్దముక్క ఉంది. తేజశ్రీ లేదు.

"పాప..." అంది శ్రీరమ్య.

"కార్లో ఉందమ్మా. ఎండలో మాడిపోతోంది పసిది, ఏసీలో కూర్చోబెట్టా," అన్నాడు యలమందయ్య. సుమో అద్దం వెనక నుంచి తేజశ్రీ చెయ్యూపింది. పక్కన డ్రైవరు స్టీరింగ్ పట్టుకుని నేరుగా ముందుకి చూస్తున్నాడు. "కోటేష్ ఫోన్ చేశాడు. వాళ్లు అటునుంచి అటే రిజిస్ట్రారాఫీసుకి వస్తున్నారంట. అక్కగారిని మీరు తీసుకురండి బాబాయ్ అన్నాడు. ఏరీ, వంటయిందా? ఇల్లు అరకకి కుదురుగా నడిచిందా?"

తన మాటకి తనే నవ్వాడు. వెంకటరావమ్మ గుమ్మంలోకి వచ్చింది. రెండు చేతులూ చెంగు కింద పెట్టుకుని ఉంది.

"వంటింకా కాలా తమ్ముడూ. మీరు పదండి, మేం ఆటోలో వస్తాం. పిల్లని దించండి."

"ఆటో ఎందుకక్కగారూ, పరాయివాళ్లలాగా. తిరిగొచ్చాక వండుకు తినొచ్చు." మెట్టెక్కాడు. చెప్పులు విడిచాడు. "శుభమా అని పనికి పోతున్నాం. ఒకసారి అమ్మవారికి దణ్ణం పెట్టుకుని వస్తా."

"ఇప్పుడొద్దు," అంది వెంకటరావమ్మ. ఆ మాట మామూలుగా రాలేదు. "నైవేద్యం పెట్టలా ఇంకా."

"దణ్ణానికి నైవేద్యం ఎందుకండీ," అని ఆవిడ పక్క నుంచి, తన ఇంట్లో తను నడిచినట్టే నడుచుకుంటూ పెరట్లోకి వెళ్లిపోయాడు.

శ్రీరమ్య సుమో దగ్గరికి పరుగెత్తింది. తలుపు పట్టుకుని లాగింది. రాలేదు. మళ్లీ లాగింది. "అన్నా, పాపని దించు," అంది. డ్రైవరు ఆమె వైపు తల తిప్పలేదు. లోపల తేజశ్రీ, అమ్మ ఆట ఆడుతోందనుకుని అద్దానికి ముక్కు ఆనించి నవ్వింది.

పెరట్లోంచి ఏ చప్పుడూ లేదు. అరుపు వినబడితే బాగుండునని శ్రీరమ్యకి అనిపించింది. వెంకటరావమ్మ గుమ్మానికి ఆనుకుని అలాగే నిలబడి ఉంది. చెంగు మీద పసుపు మరక పాకుతోంది.

యలమందయ్య తిరిగొచ్చాడు. తొందరేమీ లేదు. నవ్వు కూడా మొహం మీద అలాగే ఉంది. చెప్పులు వేసుకున్నాడు. సుమో దగ్గరికి వచ్చి, శ్రీరమ్యని చేత్తో మెల్లగా పక్కకి జరిపి, అద్దం మీద వేలితో కొట్టాడు. డ్రైవరు అద్దం దించాడు.

"ఇదిగో పాపా, ఆడుకో," అని గుప్పిట్లో ఉన్నది పిల్ల ఒళ్లో పెట్టాడు. తరవాత వెనక తలుపు తెరిచి పట్టుకుని వెంకటరావమ్మ వైపు తిరిగాడు.

"ఎక్కండక్కగారూ. వేలిముద్రకి వేళయింది."

తేజశ్రీ ఆ పసుపు పూసిన సిమెంటు పెళ్లని రెండు చేతులా పైకెత్తి నాయనమ్మకి చూపించింది.